నలభై రోజుల నవ్వుల పద్దు

1వ రోజు: జోకు రాద్దామని కూర్చుంటే ఒక్కటీ రాలేదు. పేజీ తిప్పి, ఒళ్లు మండే సంగతులు రాయబోతే పావుగంటలో ఇరవై రెండు తేలాయి. ముడిసరుకు ఇదేనన్నమాట. ఇకనుంచి రోజూ పది కోపాలు, వాటిలోంచి ఒక్క జోకు. అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే నోట్‌బుక్ అటకెక్కుతుంది, నా సంగతి నాకు తెలుసు.

9వ రోజు: ఇది మొదటి రూపం. "మా మేనేజర్ ఎవరి మాటా వినరు, ఆ మాట ఆయనకే చెబితే అదీ వినిపించుకోలేదు." మా తమ్ముడికి చదివి వినిపిస్తే "అయితే?" అన్నాడు. నవ్వాల్సిన చోటు వాడు కనిపెట్టేలోపు నేనే వివరించేశాను. తిరగరాశాను: "'మీరు ఎవరి మాటా వినరండీ' అని ధైర్యం చేసి మేనేజర్‌కి చెప్పాను. ఆయన ఫోన్లోంచి తలెత్తి 'ఆఁ?' అన్నారు." పెదవి కదిలింది గానీ నవ్వు రాలేదు. చివర ఆ 'అన్నారు' అడ్డం. తెలుగులో క్రియ చివర కూర్చుంటుంది కదా, పేలాల్సిన మాట మీద తడిగుడ్డ కప్పినట్టు అవుతోంది. మూడోసారి: "ఆయన ఫోన్లోంచి తలెత్తారు. 'ఆఁ?'" ఈసారి నవ్వాడు. ఒక్క మాట కొట్టేయడానికి రెండు రోజులు పట్టింది.

15వ రోజు: శ్లేషలు. వారమంతా వాటికే పోయింది. నాకు తప్ప ఎవరికీ నవ్వు రాలేదు, వదిలేశాను.

18వ రోజు: వ్యంగ్యానికి మన అలంకారశాస్త్రంలోనే పనిముట్టు ఉంది, వ్యాజస్తుతి. పొగుడుతున్నట్టే తిట్టడం. అదే మేనేజర్ మీద ప్రయోగించాను: "ఆయనది సమదృష్టి. చిన్నా పెద్దా తేడా లేకుండా ఎవరి మాటా వినరు." ఇందులో రాసేవాడి మొహం గంభీరంగా ఉండాలి. ఐర్లండ్ పేదరికం మీద వ్యంగ్య రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1729లో రాసిన వ్యాసం మళ్లీ చదివాను. పేదలు తమ పిల్లల్ని ధనికులకు ఆహారంగా అమ్ముకోవచ్చని లెక్కలతో సహా ప్రతిపాదిస్తాడు. ఒక్కచోటా కన్ను గీటడు. నేనేమో ప్రతి పేరా చివరా ఆశ్చర్యార్థకం పెడుతున్నాను. పద్నాలుగు కొట్టేశాను.

25వ రోజు: కొత్తగా చేరిన కుర్రాడి తడబాటు మీద ఒక పేజీ రాశాను. అక్క సగం చదివి కాగితం తిరిగిచ్చేసింది. నిజమే, తిరిగి నన్నేమీ అనలేనివాణ్ణి ఎగతాళి చేయడమేంటి? ఆ పేజీ చింపేసి, వాడికి పని నేర్పకుండానే "ఎందుకు రాదు" అని అరిచే పెద్దాయన మీదికి గురి మార్చాను. వెంటనే కలం నడిచింది.

40వ రోజు: లెక్క తేల్చాను. నాట్యశాస్త్రం నవ్వుని ఆరు రకాలు చేసింది. స్మితంలో పన్ను కనబడదు, హసితంలో కాస్త కనబడుతుంది, పైన విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. నా నలభై జోకులకీ ఇదే కొలబద్ద. స్మితం 17, హసితం 6, విహసితం 1, "అయితే?" 16. ఆ విహసితం కూడా, చదువుతూ చదువుతూ నేను కుర్చీలోంచి జారినప్పుడు వచ్చింది. పద్దులో మాత్రం జోకు ఖాతాలోనే రాసుకున్నాను.