చిత్తూరు నుంచి నీలగిరి కొండబండికి

చిత్తూరు, పాకాల ఊళ్ల మీదుగా ఒకప్పుడు నడిచిన బండ్లన్నీ మీటరుగేజి బండ్లే. పట్టాల మధ్య వెడల్పు సరిగ్గా ఒక మీటరు. ఆ దారులన్నీ బ్రాడ్‌గేజిగా మారిన తరువాత పుట్టిన మా ఇంటి పిల్లలకు ఆ పాత పట్టా ఎలా ఉండేదో చూపించాలన్నా మన వైపు ఇప్పుడు చూపించడానికి ఏమీ మిగలలేదు. అదే వెడల్పు పట్టాల మీద, ఈనాటికీ ఆవిరి ఇంజనుతోనే కొండ ఎక్కే బండి ఒకటి మనకు ఒక రాత్రి ప్రయాణం దూరంలో, తమిళనాడులోని నీలగిరుల్లో ఉంది. మీటరుగేజి ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా పని చేసి రిటైరైన మా చిన్నాయన ఎన్నాళ్లుగానో అడుగుతున్నందున, ఆయనను వెంటబెట్టుకుని ఆ బండి చూడడానికి బయలుదేరాను.

దారి తేలికే. చిత్తూరులో బస్సెక్కి కాట్పాడి చేరుకుంటే, చెన్నై నుంచి వచ్చే నీలగిరి ఎక్స్‌ప్రెస్ రాత్రి అక్కడ ఆగుతుంది. తెల్లవారేసరికి మెట్టుపాళయంలో దిగవచ్చు. అదే స్టేషన్లో నీలం, లేత పసుపు రంగుల చిన్న పెట్టెలతో కొండబండి సిద్ధంగా ఉంటుంది. ఉదయం ఏడు దాటాక బయలుదేరి, మధ్యాహ్నానికి ఉదకమండలం, అంటే మనం ఊటీ అని పిలుచుకునే ఊరు, చేరుతుంది. మొత్తం దూరం 46 కిలోమీటర్లే. అంత కొద్ది దూరానికి ఇంచుమించు అయిదు గంటలు పట్టడానికి కారణం ఎత్తు. సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉన్న మెట్టుపాళయం నుంచి బండి 2,203 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి.

ఈ ఎత్తే దారి నిర్మాణాన్ని అర్ధశతాబ్దం పాటు ఆపింది. కొండకు రైలు వేయాలన్న ప్రతిపాదన 1854లోనే వచ్చింది. తరువాతి కాలంలో ఊటీ మద్రాసు ప్రభుత్వానికి వేసవి విడిది అయింది. ఆ రోజుల్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు మన చిత్తూరే ముఖ్యపట్టణం కనుక, ఎండాకాలంలో ఇక్కడి కలెక్టరు కచేరీకి రావలసిన ఉత్తర్వులు ఆ కొండ దిగే రావలసి ఉండేదన్న సంగతి నాకు దారి పొడుగునా గుర్తుకు వస్తూనే ఉంది. అంత పెద్ద ప్రభుత్వం ఏటేటా ఎక్కి దిగే కొండకు సైతం రైలు వేయడానికి డబ్బు కూడలేదు. స్విట్జర్లాండు ఇంజనీరు రిగెన్‌బాక్ 1880లలో పళ్ల పట్టాతో ఒక పథకం తయారు చేశాడు. దానికోసం పెట్టిన కంపెనీ పెట్టుబడి సేకరించలేకపోయింది. తరువాత వచ్చిన మరొక కంపెనీ 1891లో పని మొదలుపెట్టింది. మొదటి పార మట్టిని మద్రాసు గవర్నరు వెన్లాక్ స్వయంగా తవ్వాడు. పని పూర్తి కాకముందే ఆ కంపెనీ కూడా దివాలా తీయడంతో, ఇంకొక కొత్త కంపెనీ దాన్ని అందుకుని 1899లో కూనూరు దాకా బండి నడిపింది. అక్కడి నుంచి ఊటీ చేరడానికి 1908 అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి దారి ప్రభుత్వం చేతికి వచ్చి, దాన్ని సౌత్ ఇండియన్ రైల్వే నడుపుతోంది. మన పాకాల మీదుగా మీటరుగేజి బండ్లు నడిపిన సంస్థ కూడా అదే.

మెట్టుపాళయం దాటాక భవానీ నది మీద వంతెన, ఆ తరువాత వక్కతోటలు, ఎదురుగా నిటారుగా నీలగిరులు. కల్లార్ స్టేషను దాకా నేల చదునుగానే ఉంటుంది. అసలు ప్రయాణం కల్లార్‌లో మొదలవుతుంది.

మామూలు రైలు ఇనుపచక్రం ఇనుపపట్టాను పట్టుకుని నడుస్తుంది. వాలు ఎక్కువైతే ఆ పట్టు చాలదు, చక్రం ఉన్నచోటనే తిరుగుతుంది. కల్లార్ నుంచి కూనూరు దాకా ఉన్న వాలు, నిటారైన చోట్ల, ప్రతి 12 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు. అందుకని ఇక్కడ రెండు పట్టాల నడుమ పళ్లున్న రెండు ఉక్కు బద్దీలను పక్కపక్కనే, 44 మిల్లీమీటర్ల ఎడంతో బిగించారు. అవి పట్టాల కన్నా 65 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటాయి. ఒక బద్దీ పన్ను ఉన్నచోట రెండోదానికి సందు ఉంటుంది. ఇంజను కింద తిరిగే పళ్లచక్రాలు ఎంత మలుపులోనైనా ఏదో ఒక పంటిని పట్టుకునే ఉండేటట్లు స్విస్ ఇంజనీరు కార్ల్ రోమన్ ఆబ్ట్ కనిపెట్టిన పద్ధతి ఇది. చక్రం పళ్లు బద్దీ పళ్లతో సరిగ్గా కలవడానికి, మొదట వచ్చే బద్దీ ముక్కను స్ప్రింగుల మీద కూర్చోబెట్టారు. బండి అక్కడికి రాగానే బాగా నెమ్మదిస్తుంది, కింద ఒక కుదుపు వినిపిస్తుంది, ఆ తరువాత ఇంజను మోతే మారిపోతుంది.

ఆ మార్పును చిన్నాయన నాకన్నా ముందే పట్టుకున్నాడు. "ఇప్పుడు పైనుండే సిలిండర్లు రెండూ పనిలోకి దిగినాయి, వింటివా?" అన్నాడు. స్విట్జర్లాండులోని వింటర్‌తూర్‌లో తయారైన ఈ ఎక్స్ తరగతి ఇంజన్లకు నాలుగు సిలిండర్లు. కిందనున్న రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి. వాటిలో ఒకసారి పని చేసి వచ్చిన ఆవిరినే, బయటికి వదిలేయకుండా, పైనున్న మరో రెండు సిలిండర్లలోకి పంపి దానితో పళ్లచక్రాలను తిప్పుతారు. చదును నేల మీద పై రెండింటికీ పని ఉండదు. జీవితమంతా రెండు సిలిండర్ల ఇంజన్ల దగ్గర గడిపిన మనిషి ఆ నాలుగింటి చప్పుడును విడివిడిగా లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం చూసి, ఈ ప్రయాణానికి ఆయనను తీసుకురావడం ఎంత మంచిపనో నాకు అర్థమైంది.

పళ్ల పట్టా మీద బండి వేగం గంటకు 13 కిలోమీటర్లు మించదు. ఇంజను ముందుండి లాగదు, వెనకనుండి నెడుతుంది. ఏ కొక్కెం ఊడినా పెట్టెలు వెనక్కి జారిపోకుండా ఇంజను ఎప్పుడూ పల్లం వైపునే ఉండాలన్నది ఇక్కడి నియమం. అందువల్ల డ్రైవరుకు ముందు దారి కనిపించదు. పెట్టెల ముందరి అరుగుల మీద బ్రేకుమన్లు నిలబడి, పచ్చజెండా, ఎర్రజెండా ఒకరి నుంచి ఒకరికి చూపుకుంటూ వెనక్కి కబురు అందిస్తారు. ఈ కట్టుదిట్టమంతా తెలిసి కూర్చుంటే లోయ అంచున పోతున్నా భయం వేయదు.

మధ్యలో హిల్‌గ్రోవ్ దగ్గర ఇంజను నీళ్లు తాగుతుంది. అందరూ దిగి టీ తాగుతూ ఫొటోలు తీసుకుంటుంటే, చిన్నాయన ఇంజను పక్కకు వెళ్లి నిలబడ్డాడు. అక్కడి ఫైర్‌మన్‌కు తెలుగు రాదు, చిన్నాయనకు చిత్తూరు తమిళం వచ్చు. ఇంజనులో ఇప్పుడు మండేది బొగ్గు కాదని, నూనె అని ఆయన అక్కడే తెలుసుకున్నాడు. తిరుచ్చి దగ్గరి పొన్మలై వర్క్‌షాపులో ఈ దారి కోసం నూనెతో నడిచే కొత్త ఆవిరి ఇంజన్లను మనవాళ్లే తయారు చేశారు. స్విస్ ఇంజన్లను అద్దాల గదిలో పెట్టి పూజించడం కన్నా, అటువంటి ఇంజన్లను మళ్లీ చేయగల చేతులను నిలబెట్టుకోవడమే ఎక్కువ గౌరవమని నా నమ్మకం. 2005లో యునెస్కో ఈ దారిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

మొత్తం దారిలో 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. సొరంగాల్లో చాలా భాగం కూనూరుకు ముందే దాటుతాం. కల్లార్ నుంచి కూనూరు దాకా 20 కిలోమీటర్లలో బండి ఎక్కే ఎత్తు, అలిపిరి నుంచి తిరుమలకు మనం ఎక్కే ఎత్తుకు ఇంచుమించు రెట్టింపు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు వచ్చింది 1944లో. దానికి 45 ఏళ్ల ముందే ఇక్కడ జనం కూర్చున్న చోటు నుంచి కదలకుండా కొండ ఎక్కారన్నమాట.

కూనూరులో ఆవిరి ఇంజను ఆగిపోతుంది. పళ్ల పట్టా కూడా అక్కడితో సరి. వెల్లింగ్టన్, అరువంకాడు, కేత్తి, లవ్‌డేల్ మీదుగా ఊటీ దాకా డీజిల్ ఇంజను తీసుకువెళుతుంది. తేయాకు తోటలు, కేత్తి లోయ కనులపండువగానే ఉన్నాయి.

మన వైపు నుంచి వెళ్లదలచినవారికి ఒక్కమాట. చాలామంది సీట్లు దొరకక కూనూరు నుంచి ఊటీకి మాత్రం ఎక్కి, కొండబండి చూశామనుకుని తిరిగి వస్తున్నారు. ఆ ముక్కలో ఆవిరీ లేదు, పళ్ల పట్టా లేదు. సమయం తక్కువైతే మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఎక్కి, అక్కడి నుంచి బస్సులో వెళ్లడం మేలు. ఆ టికెట్లు త్వరగా అయిపోతాయి కనుక చాలా ముందుగా తీసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు కొండచరియలు పట్టాల మీద పడి బండి ఆగిపోవడం మామూలే. ఆ నెలల్లో వెళ్లేవారు బండి నడుస్తున్నదో లేదో కనుక్కున్నాకే కాట్పాడికి బయలుదేరాలి.