కాకెంగిలి లేని స్ట్రాబెర్రీలు

పాతకాలం ఇంగ్లిష్ పెయింటింగుల్లో పిల్లల్ని చూస్తే నాకు మామూలుగా చిరాకు. ఆ గులాబీ బుగ్గలు, ఒళ్ళో కుక్కపిల్లలు, బిస్కెట్ డబ్బా మూత కోసమే వేసినట్టుంటాయి. జాన్ ఎవరెట్ మిలే వేసిన 'కట్టెలు కొట్టేవాడి కూతురు' కూడా ఆ బాపతే అనుకున్నా. 1851 నాటి బొమ్మ, లండన్ గిల్డ్‌హాల్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. నేను చూసింది మాత్రం ఫోన్‌లోనే, వేళ్ళతో జరిపి జరిపి పెద్దది చేసుకుని.

అడవిలో వెనకాల తండ్రి వంగి చెట్టు కొడుతున్నాడు, ఇటు చూడటం లేదు. ముందు వైపు ఎర్ర బట్టల్లో జమీందారు కొడుకు చెట్టుకు ఆనుకుని, చెయ్యి మాత్రం చాచాడు. అందులో స్ట్రాబెర్రీలు. ఆ పాపేమో రెండు చేతులూ దోసిలి పట్టింది. ఎంత ముచ్చటగా ఉందో అనిపిస్తుంది, పిల్లాడి మొహం చూసేదాకా. ఇచ్చేవాడిలా లేడు, ముభావంగా ఉన్నాడు.

మా చిన్నప్పుడు జామకాయ పంచుకోవడమంటే, చొక్కా అంచు కప్పి కొరికి, కాకెంగిలి చేసి సగం చేతిలో పెట్టడం. ఇచ్చినవాడికి సగం కాయ పోయేది, చొక్కాకి మరక, ఇంటికెళ్తే తిట్లు. ఈ పిల్లాడికి పోయిందేమీ లేదు. నిలబడ్డ చోటు నుంచి అడుగు కూడా కదల్లేదు, ఆ పాపే దగ్గరికి రావాలి.

ఈ బొమ్మకు మూలం కవెంట్రీ ప్యాట్‌మోర్ రాసిన కవిత. అందులోనూ వాడు ముభావంగానే పళ్ళిస్తాడు, ఆమె ఏ దాపరికమూ లేకుండా పుచ్చుకుంటుంది. పెద్దయ్యాక అతని వల్ల బిడ్డను కని, ఆ బిడ్డను నీళ్ళలో ముంచేసి మతి తప్పుతుంది. మిలే అదంతా వదిలేసి, పళ్ళ దగ్గరే ఆపాడు. కథ తెలిశాక ఆ దోసిలి వైపు చూడటం కష్టం.

1886లో, అప్పటి బొమ్మ సొంతదారు అడిగితే, మిలే పాప మొహం మళ్ళీ వేశాడట. నన్నడిగితే ఆ జోలికి పోకుండా ఉండాల్సింది.

ఇంకో సంగతి. బొమ్మ వేయడానికి ఆ పళ్ళను మిలే సీజన్ కాని మార్చిలో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ మార్కెట్లో కొన్నాడట, నాలుగు కాయలకు 5 షిల్లింగుల 6 పెన్నీలు పోసి! అప్పటికి మిలేకి 21 ఏళ్ళు, అది తనకు చాలా పెద్ద మొత్తమని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ పళ్ళ కోసం జేబు ఖాళీ చేసుకున్నది ఆయనొక్కడే.