రోజెట్‌లో ఎరుపు ఎంత?

మా డాబా మీంచి ఎటు చూసినా చెరువుగట్ల లైట్లే. భీమవరం పక్కన ఇంకేం ఆశిస్తాం! జనవరిలో లెన్సు మీద మంచు చెమ్మ దిగేలోపు రోజెట్ నెబ్యులాకి (ఆకాశంలో ఎర్రగా వెలిగే హైడ్రోజన్ మేఘం) తీసిన రంగు ఫొటోల్లో ఎరుపు వెలిసిపోయినట్టే ఉంటుంది. అందుకే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్. హైడ్రోజన్ ఎర్రగా వెలిగే 656.3 నానోమీటర్ల దగ్గర సన్నటి పట్టీని లోపలికి వదిలి మిగతా వెలుతురంతా ఆపేస్తుంది.

ఆ ఫిల్టర్‌తో తీసిన డేటాని రంగు ఫొటోలో కలపడంలోనే ఉంది తిరకాసంతా. కొందరు దాన్ని నేరుగా లూమినెన్స్‌గా, అంటే ఫొటో మొత్తానికి వెలుగునిచ్చే పొరగా వేసేస్తారు. నెబ్యులా అంతా పాలిపోయిన గులాబీ, నక్షత్రాల చుట్టూ వలయాలు, నాకు నచ్చదు. నేను ముందు స్టార్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆల్ఫా ఫొటో, రంగు ఫొటో రెండిట్లోనూ నక్షత్రాలు తీసేస్తాను. ఆల్ఫా వెలుగుని రంగు ఫొటోలోని ఎరుపు ఛానెల్ (ఎరుపు పొర) స్థాయికి తెచ్చి, ఎరుపులో సగం దాకా కలుపుతాను. నీలంలో పదో వంతు, కూరలో చిటికెడు ఉప్పులా. అదే హైడ్రోజన్ నీలం వైపు వెలిగే బీటా కాంతి 486 నానోమీటర్ల దగ్గర ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇందులో మోసమేం లేదు. (మా బావ మాత్రం "రంగులేస్తున్నావేంట్రా?" అంటాడు.) చివర్లో రంగు ఫొటోలోని నక్షత్రాలనే తిరిగి పెడతాను.

ఎం33 లాంటి గెలాక్సీకైతే ఇంకో పని ఉంది. ఆల్ఫాలోంచి నక్షత్రాల మామూలు ఎరుపు వెలుగుని ముందే తీసేయాలి, లేదంటే గెలాక్సీ మొత్తం ఎర్రబడిపోతుంది.