బాతు తోక, హంస మెడ

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. నాన్న జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చి మూడు వారాలైంది, ఇంట్లో ఉంటే టీవీ రిమోట్‌తో కుస్తీ. అందుకే ఎస్6 రైలెక్కించి పోర్షే కార్ల మ్యూజియంకి తీసుకెళ్లాను. స్టేషన్ పక్కనే, పెద్దగా తడవక్కర్లేదు.

నేను వెళ్లింది ఒక్క కారు కోసం. 1973 మోడల్ 911 కరేరా ఆర్‌ఎస్ 2.7. తెల్లటి ఒళ్లు, పక్కన పెద్ద అక్షరాలతో పేరు, వెనక పైకి లేచిన స్పాయిలర్. జర్మన్లు దాన్ని బాతు తోక అనే అంటారు. వేగం పెరిగేకొద్దీ వెనక భాగం తేలిపోకుండా చూస్తుంది. రేసు రూల్స్ కోసం 500 కార్లు చేస్తే చాలనుకున్నారట, చివరికి 1,580 చేయాల్సొచ్చింది.

నాన్న పదిహేనేళ్లు అంబాసిడర్ నడిపిన మనిషి. ఆయన చూపు తోక మీద లేదు.

"రేడియేటర్ ఏదిరా?"

"లేదు నాన్నా. గాలికే చల్లబడుతుంది. ఇంజిన్ వెనక, డిక్కీ ముందు."

కాసేపు మాట్లాడలేదు. శ్రీశైలం ఘాట్‌లో బానెట్ ఎత్తి, ఆవిరి తగ్గేదాకా నీళ్ల డబ్బాతో ఆయన నిలబడటం నాకూ గుర్తే. "అప్పటికే ఇలాంటిది ఉందా!" అన్నారు, నేనేదో ఇన్నాళ్లూ దాచినట్టు.

ఇందులో తేలిక రకం బరువు 960 కిలోలే అని చెప్పాను. రేకు పల్చన, అద్దాలు పల్చన, వెనక సీట్లు లేవు, తలుపు తీయడానికి హ్యాండిల్ బదులు పట్టీ. "బస్సులో పట్టుకునే పట్టీనా?" అన్నారు. దాదాపు అంతే.

బయటికొచ్చి రోడ్డు దాటుతుంటే మా కోసం ఒక కారు ఆగింది. కొత్త 911 జీటీ3! 2021లో వచ్చిన రకం. 4 లీటర్ల ఇంజిన్, 510 హార్స్‌పవర్. పాతదానికి 210. ఇంజిన్‌ని 9,000 ఆర్‌పీఎం దాకా, అంటే నిమిషానికి అన్ని తిరుగుళ్ల దాకా, లాగొచ్చు. నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌లో 20.8 కిలోమీటర్ల చుట్టు ఏడు నిమిషాల్లోపే తిరిగేసింది. వెనక రెక్కని పైనుంచి పట్టుకుని, హంస మెడల్లా వంగిన రెండు ఊతాలు. చెప్పుకుంటూ పోతే నాకే ఆయాసం. కానీ నిజం చెప్పాలంటే, నాకు పాతదే ముద్దు. కొత్తదాని రెక్క కింద ఇద్దరు గొడుగు లేకుండా నిలబడొచ్చు.

నాన్న దాన్ని ముందునుంచి వెనక దాకా చూశారు. "లోపల చూసినదాని మనవడే కదూ? ముఖం అదే. బాగా ఒళ్లు చేశాడు."

నిజమే, 1,400 కిలోల పైనే.

"దీనికి రేడియేటర్ ఉందా?"

"ఉంది నాన్నా."

"అయితే వద్దులే," అని స్టేషన్ వైపు నడిచారు.