కార్ట్‌లో చొక్కా, బీరువాలో చొక్కా

ఫోన్‌లో ఇరవై సెకన్ల వీడియో. ఎవరో చొక్కా తొడుక్కుని అటూ ఇటూ తిరుగుతారు, కింద లింకు ఉంటుంది. ఆ చొక్కా ఒంటికి అంత చక్కగా కుదరడానికి వీపు వెనక క్లిప్పులు పెట్టి బిగించి ఉండొచ్చు, ఫొటో షూట్లలో అది మామూలే. రంగులో సగం లైట్ల మహిమ. బట్ట ఎంత మందం, లోపల కుట్టు ఎలా ఉంది, నాలుగు ఉతుకులకు ఏమవుతుంది? ఇవేవీ తెర మీద కనపడవు. అయినా కొనాలా వద్దా అన్నది తేలిపోయేది అక్కడే.

ఒకసారి ఆ పేజీ తెరిచారంటే చొక్కా మిమ్మల్ని వదలదు. వార్తలు చదువుతుంటే పక్కన, వంటల వీడియోకి ముందు, అదే చొక్కా. షాపు పేజీలో దాగిన చిన్న కోడ్ ముక్క మీరేం చూశారో ప్రకటనల సంస్థకు చేరవేస్తుంది. పదేపదే కంటపడిన దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే ప్రయోగాలతో చూపించాడు. కాబట్టి "రోజూ గుర్తొస్తోంది, అంటే నాకు బాగా నచ్చినట్టే" అన్న వాదన చెల్లదు. గుర్తుచేస్తున్నది ఎవరో మనకు తెలుసు.

దీనికి మనోనిబ్బరం కంటే చిన్న అడ్డంకులు బాగా పనిచేస్తాయి. షాపింగ్ యాప్ తీసేసి బ్రౌజర్‌లోనే చూడండి, పనయ్యాక లాగౌట్ అవ్వండి. దాచిన కార్డు వివరాలు చెరిపేయండి. లేచి వెళ్లి పర్సు వెతికి, 16 అంకెలు కొట్టేలోపు సగం కోరికలు చల్లారతాయి. ఫోన్ సెట్టింగుల్లో ప్రకటనల ఐడీని రీసెట్ చేయడమో, తొలగించడమో చేయండి. నోటిఫికేషన్లలో డెలివరీవి ఉంచి, ఆఫర్లవి ఆపేయండి.

కావాలనిపించిన వస్తువును తేదీ వేసి కాగితం మీద రాసి 14 రోజులు ఆగడం పాత చిట్కానే, పనిచేస్తుంది కూడా. చాలామంది తప్పు చేసేది ఎక్కడంటే, కాగితానికి బదులు కార్ట్‌లో పెట్టి ఆగుతారు. కార్ట్‌లో వదిలేసిన వస్తువు గురించి రెండో రోజే మెయిల్ వస్తుంది, ఆ తర్వాత కొంచెం తగ్గింపు ధర వస్తుంది, ఆగాలన్న ఆలోచన అక్కడితో సరి. "ఇంకా 9 నిమిషాలే" అని పరిగెత్తే గడియారం కనపడితే అదే పేజీని ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలైతే అది ఉత్త నాటకం.

14 రోజుల తర్వాత కూడా కావాలనిపిస్తే, అప్పుడు టేపు తీయండి. ఒంటి కొలత కంటే మీకు బాగా నప్పే పాత చొక్కా కొలత నమ్మదగినది. దాన్ని గుండీలు పెట్టి, ముడతలు లేకుండా బల్ల మీద పరచండి. ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు వరకు కొలిచి రెండింతలు చేయండి. 54 సెంటీమీటర్లు వస్తే ఛాతీ చుట్టుకొలత 108. భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకు, కాలర్ కింది నుంచి అంచుకు కూడా రాసుకోండి. సైజు చార్టులో ఉన్నది ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది ముందు చూడాలి. మామూలు చొక్కా ఒంటి కంటే ఓ 10 సెంటీమీటర్లు వదులుగా ఉంటుంది. ఈ రెండు కొలతలూ కలగలిపితే బిగుతు చొక్కానో, వదులు చొక్కానో ఇంటికొస్తుంది.

చేతికొచ్చాక ముందు తిరగేసి లోపలి వైపు చూడండి. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు ఉంటే ఆ కుట్టు గట్టిదే, 7 అయితే చంకల దగ్గర త్వరగా విడిపోతుంది. కాజాల చుట్టూ దారం పోగులు వేలాడకూడదు.

టీషర్టులది వేరే లెక్క. సాదా టీషర్టుకు 180 జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) పైన ఉంటే ఒంటి మీద నిలబడుతుంది. 140 దగ్గరిది వెలుతురుకు పెడితే చెయ్యి కనపడుతుంది. అంతకన్నా చిరాకైన సంగతి ఒకటుంది. రెండు ఉతుకులు కాగానే పక్క కుట్టు మెల్లగా బొడ్డు వైపు తిరిగి వచ్చేస్తుంది. తప్పు ఉతికినవాళ్లది కాదు. టీషర్టులకు వాడే సింగిల్ జెర్సీ అనే పలచటి అల్లికలో నూలుకున్న మెలి విప్పుకోవాలని చూస్తుంది, తడి తగలగానే బట్టంతా దానితో పాటు తిరుగుతుంది. కొనే ముందే కొంత పసిగట్టొచ్చు. బట్టను కంటికి దగ్గరగా పట్టుకుంటే అల్లిక నిలువు వరసలు కనపడతాయి. అవి పక్క కుట్టుకు సమాంతరంగా లేకుండా ఏటవాలుగా పోతుంటే పక్కన పెట్టేయండి. ఇస్త్రీతో సరిచేసినా మళ్లీ ఉతికితే మొదటికే వస్తుంది.

బట్ట మీద చిన్న చిన్న ఉండలు కట్టడం పాలిస్టర్ కలిసిన కాటన్‌లో ఎక్కువ. ఉత్త కాటన్‌లోనూ కడతాయి గానీ కొన్నాళ్లకు తెగి రాలిపోతాయి. పాలిస్టర్ పోగు గట్టిది, ఉండను పట్టుకుని వేలాడదీస్తుంది. తిరగేసి ఉతికితే రాపిడి తగ్గుతుంది. ఎలాస్టేన్ అనే సాగే పోగు కలిసిన జీన్స్‌కు వేడే శత్రువు. వేడి నీళ్లు, డ్రయ్యర్ తరచూ తగిలితే సాగే గుణం చచ్చి మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడుతుంది.

ఇక స్టైల్ విషయం. కొత్త చొక్కా వచ్చాక పాత ప్యాంటు వెలిసినట్టు కనపడటం, దానికోసం ఇంకోటి కొనడం, ఆ తర్వాత చెప్పులు. ఫ్రెంచ్ రచయిత డెనీ డిడెరో ఇంట్లో తొడుక్కునే ఒక కొత్త గౌను వల్ల గదిలో సామానంతా మార్చాల్సి వచ్చిందని రాసుకున్నాడు. ఈ గొలుసుకట్టుకు ఆయన పేరే పెట్టి 'డిడెరో ఎఫెక్ట్' అని 1988లో పిలిచింది మానవశాస్త్రవేత్త గ్రాంట్ మెక్‌క్రాకెన్. విరుగుడు తేలికే. బీరువాలో ఇప్పటికే ఉన్న మూడింటితో కలవని బట్టకు కాగితం మీద చోటు కూడా ఇవ్వకండి.

ఆ మూడూ ఏవో తెలియకపోతే హ్యాంగర్లన్నిటినీ కొక్కెం మనవైపు ఉండేలా తిప్పి తగిలించండి. తొడిగిన బట్టను తిరిగి పెట్టేటప్పుడు మామూలుగా పెట్టండి, మీరు నిజంగా తొడిగేవి అవే. ఆరు నెలలకు కూడా కొక్కెం మనవైపే ఉన్నవి తొడగనివి, వాటి రంగు, కోత, బట్ట రాసుకోండి. పెళ్లి బట్టలు, చలి కోట్లు ఈ లెక్కలోకి రావు. మిగతావాటిలో ఒకే పోలిక మళ్లీ మళ్లీ కనపడుతుంది, చాలాసార్లు అది మీరు వీడియోలో చూసి మెచ్చుకున్న రంగే.