వాకిట్లో మనిషి

పొద్దున్నే మావాడు బూట్లు వేసుకుంటుంటే రోజూ అడుగుతాను, "నిన్నటి వేమన పద్యం మర్చిపోయావా?" అని. మొన్న తలెత్తకుండానే అన్నాడు: "నువ్వు ఫూచాయ్ వాకిట్లో మనిషివమ్మా."

చైనాలో మేముండే సుజౌ ఒకప్పటి వూ రాజ్యపు రాజధాని. క్రీ.పూ. 496లో పొరుగునున్న యుయే రాజ్యంతో యుద్ధంలో తగిలిన గాయంతో రాజు హలూ చనిపోయాడు. కొడుకు ఫూచాయ్ వాకిట్లో ఒక మనిషిని నిలబెట్టాడు. తను వస్తూ పోతున్నప్పుడల్లా అతను అడగాలి: "ఫూచాయ్, యుయే రాజు నీ తండ్రిని చంపిన సంగతి మర్చిపోయావా?" రెండేళ్లకే, 494లో, యుయే రాజు గౌజియెన్‌ని ఓడించాడు. ఓడించి, చంపకుండా వదిలేశాడు.

ఇక్కడి బడిలో హీరో గౌజియెనే. కట్టెల మీద పడుకుని, చేదు పిత్తం నాకుతూ పగ మర్చిపోకుండా కాచుకున్నాడని పాఠం. నాకైతే ఫూచాయ్ మీదే జాలి. వీడియో కాల్‌లో కథ విన్న మా అత్తయ్య మాత్రం, "శత్రుశేషం, రుణశేషం, అగ్నిశేషం ఉంచకూడదురా నాన్నా" అన్నారు. "మంత్రి వూ జిషు కూడా అదే చెప్పాడు నాయనమ్మా, రాజే వినలేదు" అన్నాడు వీడు.

వినకపోవడమే కాదు, 484లో ఆ మంత్రికి కత్తి పంపి ప్రాణం తీసుకోమన్నాడు. తన కళ్లు పీకి కోట గుమ్మానికి వేలాడదీయమన్నాడట ఆ ముసలాయన, యుయే సైన్యం లోపలికి రావడం చూడాలని! ఆయన పేరున్న షూమెన్ ద్వారం ఇప్పటికీ ఉంది. డ్రాగన్ పడవల పండక్కి ఈ ఊరివాళ్లు తలుచుకునేది ఆయన్నే. ఆ రోజు పక్కింటావిడ వెదురాకుల్లో చుట్టి ఉడికించిన బంక అన్నం పొట్లాలు ఇస్తుంది. నేను పులిహోర పంపిస్తాను.

ఫూచాయ్‌కి ఉత్తరాది రాజులందరికీ పెద్ద కావాలని మోజు. కాలువలు తవ్వించి, సైన్యంతో అటు వెళ్లాడు. 482లో అక్కడ సభలో ఉండగా ఇక్కడ గౌజియెన్ రాజధాని మీద పడి యువరాజును చంపాడు. 473లో గౌజియెన్ వూ రాజ్యాన్ని గెలిచాడు, అంతా అయిపోయింది. వంద కుటుంబాల మీద పెత్తనం ఇస్తాం, దూరంగా బతకమని ఫూచాయ్‌తో అన్నారు. ఒప్పుకోలేదు. పైలోకంలో వూ జిషుకి ముఖం ఎలా చూపించనని, ముఖం కప్పుకుని చచ్చిపోయాడు.

వూహాన్ నగరంలోని హుబెయ్ రాష్ట్ర మ్యూజియంలో గౌజియెన్ కత్తి, ఫూచాయ్ ఈటె రెండూ ఉన్నాయి. సెలవుల్లో తీసుకెళ్తానన్నాను.

లిఫ్ట్ కోసం నిలబడి మావాడు అడిగాడు: "అమ్మా, గెలిచాక ఆ వాకిట్లో మనిషిని పంపించేశారా?"

నేను జవాబు వెతుక్కునేలోపే లిఫ్ట్ వచ్చింది. తలుపులు మూసుకుంటుంటే "ఉప్పు కప్పురంబు..." అని అరుస్తూ కిందికెళ్లిపోయాడు.