ఏటా నాలుగు శాతం కరిగే రూపాయి

రిజర్వ్ బ్యాంకు రూపాయి విలువ కాపాడుతుందా, కరిగిస్తుందా? కరిగిస్తుంది, కాకపోతే లెక్క ప్రకారం. 2016లో ఆర్‌బీఐ చట్టం సవరించాక పెట్టుకున్న లక్ష్యమే ఏటా 4 శాతం ధరల పెరుగుదల. అటూ ఇటూ 2 శాతం సడలింపు. సగమయ్యే కాలానికి ఒక చిట్కా లెక్కుంది: 72ని 4తో భాగించండి. 18 ఏళ్లలో బీరువాలో దాచిన వంద నోటుకి వచ్చే సరుకు సగమవుతుంది. 6 శాతమైతే 12 ఏళ్లే.

వెండి నాణెం ఉంటే ఈ బాధ లేదనేవాళ్లున్నారు. నిజాం రాజ్యంలో చెల్లిన మన హాలీ సిక్కా వెండిదే. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చి 1918లో నిజాం ప్రభుత్వం కూడా కాగితం నోట్లకు దిగింది.

కాబట్టి వెండినీ నమ్ముకోలేం. నేను చూసేది ధరల పెరుగుదల ఆ 6 శాతం గీత దాటినప్పుడు రిజర్వ్ బ్యాంకు ఎంత త్వరగా కదిలిందన్నదే. 2022 జనవరి నుంచీ ద్రవ్యోల్బణం 6 పైనే. రెపో, అంటే బ్యాంకులకిచ్చే అప్పు మీద ఆర్‌బీఐ తీసుకునే వడ్డీ, మాత్రం 2020 మే నుంచి ఉన్న 4 దగ్గరే కూర్చుంది. ఏప్రిల్‌లో 7.79 తాకాక, మే 4న తొలి పెంపు. నా లెక్కలో అది ఆలస్యమే. దెబ్బ తిన్నది ఎఫ్‌డీ వడ్డీ మీద బతికే పెద్దలు: 5.5 శాతం వడ్డీలో 20 శాతం పన్ను పోతే మిగిలేది 4.4. ధరలేమో 7. వడ్డీ సంగతి సరే, అసలే తరిగింది.

2023 జులైలో టమాటా పుణ్యమా అని మళ్లీ 7.44 అయింది, అప్పుడు రెపో కదపలేదు. అది సరైన పనే. వడ్డీ పెంచితే సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కి అదనంగా ఒక్క ట్రే కూడా రాదు.

ఆలస్యంగా మొదలైన పెంపు గబగబా సాగి, 2023 ఫిబ్రవరికి రెపో 6.5 అయింది. ఇక హోమ్‌లోన్‌ వాళ్ల వంతు. మియాపూర్‌లో ఫ్లాటుకి 50 లక్షలు, 7 శాతం, 20 ఏళ్లు అనుకోండి: ఈఎంఐ 38,765. రేటు 9.5 అయ్యేసరికి అసలు ఇంకా 50 లక్షల దగ్గరే ఉంటే నెల వడ్డీయే 39,583. పాత ఈఎంఐ వడ్డీకే చాలదు, మిగతాది అసలుకి కలుస్తుంది. అప్పుడు గడువెంత పొడిగించినా అప్పు తీరదు. 20 ఏళ్లలోనే తీరాలంటే ఈఎంఐ 46,607 కట్టాలి, లేదా కొంత అసలు ముందే చెల్లించాలి. రేటు మారిన ప్రతిసారీ స్టేట్‌మెంట్‌లో అసలు కింద ఎంత జమైందో ఆ ఒక్క గడి చూసుకోండి.